ఇఫుగావ్: అడవి నుంచి మడికి, మడి నుంచి ఏటికి

మనీలాలో రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి బనావె చేరవచ్చు. దూరం సుమారు 350 కిలోమీటర్లే, ప్రయాణం మాత్రం తొమ్మిది పది గంటలు. ఆలస్యమంతా చివరి భాగంలోనే. ఉత్తరానికి సాగే మహార్లికా హైవేను న్యూవా విజ్కాయా ప్రావిన్సులోని బగబగ్ దగ్గర వదిలి ఎడమకు తిరిగాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. ముందు లముట్, తర్వాత ఇఫుగావ్ రాజధాని లగావె, ఆపైన బనావె. బస్సు పైకి ఎక్కుతుంటే వాగులూ ఏర్లూ ఎదురుగా కిందికి దిగి వస్తుంటాయి. ఇఫుగావ్ ప్రావిన్సు అర్థం కావాలంటే ఆ నీటి వెంట పైదాకా వెళ్ళి, మళ్ళీ దానితోపాటే కిందికి రావాలి. ఇక్కడి భూమి హక్కు, వారసత్వం, పండుగ, పంట అన్నీ ఆ నీటి దారినే అల్లుకుని ఉన్నాయి.

ఫిలిప్పీన్స్ దీవుల దేశమే అయినా ఇఫుగావ్‌కు సముద్ర తీరం లేదు. లుజాన్ దీవి ఉత్తర భాగంలో కార్డిల్లెరా పర్వతాల ఆగ్నేయ వాలు మీద, సుమారు 2,600 చదరపు కిలోమీటర్లలో ఉంది. పడమర బెంగెట్, ఉత్తరాన మౌంటెన్ ప్రావిన్స్, తూర్పున ఇసబెలా, దక్షిణాన న్యూవా విజ్కాయా. 2020 జనాభా లెక్కల ప్రకారం 2,07,498 మంది. నగరం ఒక్కటీ లేదు, ఉన్నవి 11 మునిసిపాలిటీలు. మునిసిపాలిటీ అనగానే మనకు పట్టణం గుర్తొస్తుంది గానీ, అక్కడ అది పల్లెలన్నీ కలిసిన మండలం లాంటిది.

పటం చూస్తే ప్రావిన్సు పడమటి నుంచి తూర్పుకు వాలిన పలకలా ఉంటుంది. పడమటి అంచున టినోక్ ఉంది. లుజాన్‌లోకెల్లా ఎత్తైన పులగ్ పర్వతం, 2,900 మీటర్లు దాటినది, సరిగ్గా బెంగెట్, ఇఫుగావ్, న్యూవా విజ్కాయా కలిసేచోట నిలబడి ఉంది. టినోక్ వైపు చలి ఎక్కువ, అక్కడ క్యాబేజీ, బంగాళదుంప లాంటి కూరగాయల సాగు బాగా పెరిగింది. నడిమి భాగంలో హుంగ్‌డువాన్, బనావె, మయోయావ్, హింగ్యోన్, కియాంగన్, లగావె, అసిపులో ఉన్నాయి. ప్రపంచమంతా ఫొటోల్లో చూసే అంచెల వరి మళ్ళు ఈ నడిమి భాగానివే. తూర్పుకూ దక్షిణానికీ దిగితే లముట్, అగ్వినాల్డో, అల్ఫోన్సో లిస్టా. ఇక్కడ కొండలు పలచబడి మొక్కజొన్న చేలు, చదునైన వరి పొలాలు కనిపిస్తాయి. పశ్చిమ తీరం నుంచి తరలివచ్చిన ఇలొకానో భాషీయులు ఎక్కువ. ఇఫుగావ్ స్టేట్ యూనివర్సిటీ ప్రధాన ప్రాంగణం లముట్‌లో ఉంది.

పాత ఇఫుగావ్ జనంలోనూ భాష ఒక్కటి కాదు. కియాంగన్, లగావె, హుంగ్‌డువాన్, బనావెలో కొంత భాగం తువాలి మాట్లాడతాయి. మయోయావ్, బనావెలోని బటాడ్ వైపు అయాంగన్. టినోక్, అసిపులో వైపు కలంగుయా. కొండ దాటితే యాస, రెండు కొండలు దాటితే భాషే మారిపోతుంది. పుగో అంటే కొండ, ముందు చేరే ‘ఇ’ అంటే అక్కడివారు అని. కొండవాళ్ళు అన్న ఆ మాట స్పెయిన్ వారి, తర్వాత అమెరికన్ల నోట, కాగితాల మీద మారి ‘ఇఫుగావ్’ అయింది.

రెండు వేల ఏళ్ళ కథ, దాని వెనక లెక్క

బనావె గురించి ఏ టూరిస్టు కరపత్రం చూసినా ఈ మళ్ళు 2,000 ఏళ్ళ నాటివని ఉంటుంది. ఆ అంకె తవ్వకాల్లో తేలింది కాదు. 20వ శతాబ్దంలో అమెరికన్ మానవ శాస్త్రవేత్త హెన్రీ ఓట్లీ బేయర్ వేసిన అంచనా అది. ఇంత పొడవు గోడలు కట్టడానికి ఇన్ని తరాలు పట్టి ఉంటుందని ఆయన లెక్క. అదే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఇటీవలి కాలంలో స్టీఫెన్ అకబాడో నాయకత్వంలో కియాంగన్ పాత ఊరి దిబ్బ మీదా, మళ్ళలోనూ జరిగిన పరిశోధన వేరే సంగతి చెబుతోంది. ఊరు సుమారు వెయ్యేళ్ళ నాటిదే. కానీ పాత పొరల్లో దొరికిన ఆనవాళ్ళు చేమదుంపవి. నీరు కట్టి పండించే వరి ఆనవాళ్ళు 1600ల తర్వాతి పొరల్లోనే గట్టిగా కనిపిస్తాయి. అంటే మళ్ళు ముందు చేమ కోసం మొదలై, వరి కోసం చాలా వేగంగా విస్తరించాయన్నమాట.

ఆ కాలంలోనే ఎందుకన్న ప్రశ్నకు జవాబు కింది లోయలో ఉంది. స్పెయిన్ సైన్యం, మిషనరీలు మగట్, కగయాన్ లోయల్లోకి చొచ్చుకొచ్చింది అప్పుడే. పన్నులకూ వెట్టికీ తట్టుకోలేక జనం కొండలెక్కారు. ఎక్కినవాళ్ళను నిలబెట్టడానికి తిండి కావాలి, పెద్ద ఊళ్ళు కావాలి, ఒకరి మాట పదిమంది వినే కట్టుబాటు కావాలి. వరి ఆ మూడింటినీ ఇచ్చింది. ఈ వాదనతో ఏకీభవించని పండితులూ ఉన్నారు. అయినా తవ్వకాల సాక్ష్యం దీనివైపే మొగ్గుతోంది. వయసు తగ్గితే గౌరవం తగ్గుతుందని అక్కడ కొందరు బాధపడటం సహజమే. నిజానికి రెండు మూడు వందల ఏళ్ళలో, గట్టి శత్రువు కింద కాచుకుని ఉండగా, చేతిపనితో ఇన్ని కొండలు మలిచారంటే అది మరింత పెద్ద సంగతి. స్పెయిన్ మూడు శతాబ్దాలకు పైగా దేశాన్ని ఏలినా ఈ కొండలను పూర్తిగా లొంగదీసుకోలేకపోయింది.

అమెరికన్ల పాలనలో 1905లో ఇది న్యూవా విజ్కాయా కింద ఉప ప్రావిన్సు అయింది, 1908లో మౌంటెన్ ప్రావిన్స్ కిందికి వెళ్ళింది. 1966 జూన్ 18న చట్టం ద్వారా సొంత ప్రావిన్సుగా విడిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం చివర జపాన్ జనరల్ యమషిత తన సైన్యంతో వెనక్కి తగ్గుతూ ఈ కొండల్లోనే తలదాచుకుని, 1945 సెప్టెంబర్ 2న కియాంగన్‌లో లొంగిపోయాడు. మరునాడు బగియో నగరంలో సంతకాలు జరిగాయి.

ఒక్క మడి ఎన్ని భాగాలు

కెమెరాకు మెట్లు మాత్రమే కనిపిస్తాయి. రైతు లెక్కలో మాత్రం శిఖరం నుంచి ఏటి దాకా ఉన్న కొండ వాలంతా ఒకే వ్యవసాయం. అన్నిటికంటే పైన సర్కారు వారిదీ, ఉమ్మడిదీ అయిన అడవి. దాని కింద ముయోంగ్, అంటే కుటుంబం సొంతంగా పెంచి కాపాడుకునే తోట అడవి. ఇళ్ళకు కలప, పొయ్యికి కట్టెలు, బుట్టలకు పేము, నమలడానికి వక్క అన్నీ అందులోంచే. (వక్క, ఆకు, సున్నం కలిపి నమలడం అక్కడా నిత్యకృత్యమే.) పక్క వాలుల్లో పోడు, అందులో చిలగడదుంప. ముయోంగ్ కింద మళ్ళు. వాటిని పాయో అంటారు. మళ్ళ మధ్య చిన్న చిన్న ఊళ్ళు, అట్టడుగున వాగు.

ముయోంగ్ చేసే అసలు పని నీటిని దాచడం. కుండపోత వాన పడితే ఆకులూ, రాలిన చెత్తా, వేర్లూ దాన్ని పట్టి ఉంచి, నెలల తరబడి ఊటలుగా వదులుతాయి. అందుకే ముయోంగ్‌ను కింది మడి నుంచి విడదీసి అమ్ముకోవడం కట్టుబాటుకు విరుద్ధం. అడవి నరికేస్తే అప్పటికప్పుడు ఏమీ కాదు. రెండు మూడు ఎండాకాలాలు గడిచాక ఊట సన్నబడుతుంది. అప్పటికి మొక్క నాటినా అది చెట్టయి నీరు పట్టేదెప్పుడు?

గోడ కట్టే వరస ఇలా ఉంటుంది. పని ఎప్పుడూ కింది నుంచే మొదలవుతుంది, ఎందుకంటే పై మడి బరువు మోయాల్సింది కింది మడే. ముందు గట్టి నేల తగిలేదాకా తవ్వి, మొయ్యగలిగినంత పెద్ద బండను పునాదిలో కూర్చోబెడతారు. దాని మీద రాళ్ళు ఒక్కొక్కటీ లోపలికి, అంటే కొండ వైపుకు, కాస్త వాలేలా పేరుస్తారు. సున్నం, సిమెంటు ఉండవు. సందుల్లో చిన్న రాళ్ళు దిగ్గొడతారు. గోడ వెనక ముందు పెద్ద రాళ్ళూ గులకా, ఆపైన బంకమట్టి వేసి కాళ్ళతో తొక్కి నీరు ఇంకని పొర చేస్తారు. అన్నిటికంటే పైన పండే మట్టి. ఈ మట్టినంతా మోయకుండా, పైన వాగుకు అడ్డం కట్టి ఒక్కసారిగా వదిలి, ఆ వరదతోనే మట్టిని కిందికి దింపి పరిచే పద్ధతీ ఉంది. రాయి దొరకనిచోట బంకమట్టి గోడలే కడతారు. గోడ మనిషి ఎత్తు ఉండవచ్చు, వాలు నిటారుగా ఉన్నచోట అంతకు మూడు నాలుగు రెట్లు కూడా. మన శ్రీకాకుళం, మన్యం కొండల్లో సవరలు రాళ్ళు పేర్చి, గెడ్డ నీళ్ళు మళ్ళించి కట్టిన మళ్ళు చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. వాలు, ఎత్తు, విస్తీర్ణంలోనే తేడా.

గోడలో మోర్టారు లేకపోవడం లోపం కాదు, అదే దాని ప్రాణం. మడిలో నీరు నిలిచినంతకాలం కొంత నీరు గోడ వైపు చెమ్మగిల్లుతూనే ఉంటుంది. రాళ్ళ సందుల్లోంచి ఆ చెమ్మ బయటికి కారిపోతుంది. తొందరలో సిమెంటుతో మరమ్మతు చేసినచోట నీటికి దారి మూసుకుపోతుంది, వెనక ఒత్తిడి పెరుగుతుంది. ఒక పెద్ద తుఫాను రాత్రి ఆ గోడ ముక్కలుగా కాకుండా మొత్తంగా ముందుకు పడుతుంది. రాతి గోడకైతే ముందు ఒకచోట ఉబ్బు కనిపిస్తుంది, చూసే కళ్ళుంటే సరిచేసుకునే వ్యవధి ఇస్తుంది.

రెండో నియమం, మడి ఏడాది పొడవునా నీటితో ఉండాలి. పంట లేని నెలల్లోనూ అంతే. కొత్తగా చూసేవారికి ఇది నీటి దుబారాలా అనిపిస్తుంది. మడి ఎండితే బంకమట్టి పొర నెర్రెలు విచ్చుతుంది. నెర్రెల్లోకి వానపాములు దూరి బొరియలు చేస్తాయి, ఎలుకలు వాటిని పెద్దవి చేస్తాయి. తర్వాత మొదటి పెద్ద వాన నీరంతా ఆ సందుల్లోంచి గోడ వెనక్కి దిగి, మట్టిని కరిగించి గోడను తోసేస్తుంది. అది కింది మడి మీద పడుతుంది. కింది మడి ఇంకొకరిది. వాళ్ళ మడవ మూసుకుపోతే దాని కింది మడి ఎండుతుంది. ఇలా ఒక్క ఇంటివారు ఊరొదిలి వెళ్తే నష్టం వాళ్ళ మడితో ఆగదు.

ఏడాది నడక

ఇక్కడి పాత వరిని టినావోన్ అంటారు. ఏడాదికొక్కసారిది అని అర్థం. చల్లటి ఎత్తుల్లో, చల్లటి నీళ్ళలో ఎదిగే రకాలు ఇవి. నారుమడి పోసేది సుమారు నవంబర్, డిసెంబర్‌లలో. నాట్లు జనవరి నుంచి మార్చి దాకా, ఎత్తును బట్టి. కోత జూన్, జూలై. కోతకు కొడవలి వాడరు, అరచేతిలో ఇమిడే చిన్న కత్తితో వెన్ను వెన్నుగా కోస్తారు. కోసిన వెన్నులు కట్టలుగా కట్టి, ఎండబెట్టి, గాదెలో పేరుస్తారు. ధాన్యం సులువుగా రాలని రకం కాబట్టే ఇది సాధ్యం. పొలం ఎంత ఉందని అడిగితే పాతతరం వారు విస్తీర్ణం చెప్పరు, ఎన్ని కట్టలు పండుతుందో చెబుతారు.

కోతయ్యాక గడ్డి తగలబెట్టరు. కలుపుతో కలిపి బురదలో తొక్కేస్తారు, కొంత కుప్పలుగా పోసి నీటి మధ్య దిబ్బలు చేసి వాటి మీద కూరగాయలు వేస్తారు. దిబ్బ కుళ్ళి, తర్వాతి దమ్ములో మళ్ళీ మడిలో కలిసిపోతుంది. ఎరువు కొనకుండా శతాబ్దాలు నడిచిన రహస్యం ఇంతే.

ఎవరికి తోచినప్పుడు వారు నాటడం కట్టుబాటులో లేదు. టుమోనా అనే పెద్ద ఇంటి మడిలో ముందు నాటాలి, ముందు కోయాలి, మిగతావారు ఆ తర్వాతే. మధ్యలో పొలానికి ఎవరూ వెళ్ళకూడని విరామ రోజులుంటాయి. దీన్ని మూఢాచారం అని తోసేయడం తేలిక. కొండంతా ఒకేసారి పాలు పోసుకుంటే ఎలుకలూ పిట్టలూ ఒక్కరి మడినే తినెయ్యవు, నష్టం అందరికీ కొంచెం కొంచెం పంచుకుపోతుంది. నీరు, మనుషులు కూడా అలాగే వంతుల్లో తిరుగుతారు. మనుషుల వంతును ఉబ్బు అంటారు. ఇవాళ మీ నాట్లకు మేం, రేపు మా నాట్లకు మీరు. మన పల్లెల్లో బదులు పనికి వెళ్ళినట్టే.

నాట్లప్పుడు, కోతల్లో, పెద్దల మరణమప్పుడు స్త్రీలు పాడే గానం హుడ్‌హుడ్. ఒకరు ముందు పాడితే మిగతావారు అందుకుంటారు. 200కు పైగా గాథలు, ఒక్కోదానిలో 40 ఘట్టాలు, పూర్తిగా పాడితే రోజులు పడుతుంది. 2001లో యునెస్కో దీన్ని గుర్తించి, 2008లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. పూజారిని ముంబాకి అంటారు. గాదెలో కాపలాగా ఉంచే చెక్క బొమ్మ బులుల్. ఇప్పుడు జనంలో ఎక్కువమంది క్రైస్తవులు, ముంబాకిలు తగ్గిపోయారు. ముంబాకితో పోయేది మంత్రం ఒక్కటే కాదు, ఎప్పుడు నాటాలన్న ఊరి క్యాలెండర్ కూడా.

వారసత్వ నియమం కూడా గోడల కోసమే పుట్టిందా అనిపిస్తుంది. మంచి మళ్ళు, వాటి పైనున్న ముయోంగ్ మొదటి సంతానానికి వెళ్తాయి, ఆడపిల్లయినా మగపిల్లవాడైనా. మడిని ముక్కలు చేయరు. ముక్కలైతే గోడ ఒకరిది, మడవ ఒకరిది అయి మరమ్మతు ఎవరికీ పట్టదు. చిన్నవాళ్ళకు దక్కేది తక్కువ కాబట్టి వాళ్ళు ఊరు దాటడం పాతదే. ఇప్పుడు పెద్దవాళ్ళూ దాటుతున్నారు.

ఎక్కడ తెగుతోంది

చాలా ఇళ్ళకు మళ్ళన్నీ కలిపినా అర హెక్టారు దాటదు. ఒక్క పంట ధాన్యం ఏడాది తిండికి సరిపోదు. చదువుకున్న పిల్లలు బగియోకో మనీలాకో గల్ఫ్‌కో వెళ్తే వారిని తప్పుపట్టడానికి లేదు. గోడ ఎక్కి రాయి సరిచేయగలిగేది బలమున్న చేయి, ఆ చేయే ఊళ్ళో ఉండటం లేదు. 1990 జూలై 16 నాటి పెద్ద భూకంపం లాంటివి కొన్నిచోట్ల ఊటల దారులే మార్చేశాయి.

1980ల మొదట్లో తిండికోసం దేశంలోకి తెచ్చిన బంగారు రంగు నత్త మరో దెబ్బ. నీటిపైన కాడలకూ రాళ్ళకూ అంటించిన గులాబీ రంగు గుడ్ల గుత్తులు కనిపిస్తే అది వచ్చేసినట్టే. లేత నారును రాత్రికి రాత్రే కొరికేస్తుంది. మైదానంలో దీనికి చెప్పే మందు సులువు: నాటాక కొన్ని రోజులు నీరు తీసేయండి, నత్త కదలలేదు. కొండ మడిలో నీరు తీస్తే గోడ పోతుంది. విషం చల్లితే ఆ నీరే కింది మడిలోకి, దాని కింది మడిలోకి దిగుతుంది. మిగిలింది ఉదయాన్నే చేత్తో ఏరడం, బాతులను వదలడం, ముదురు నారు నాటడం. మూడింటికీ మనుషులు కావాలి, మళ్ళీ అదే సమస్య.

చట్టం చేసిన చిక్కు వేరు. 1975 నాటి అటవీ శాసనం 18 శాతానికి మించిన వాలున్న భూమిని సాధారణంగా ప్రభుత్వ అటవీ భూమి కిందే లెక్కగట్టింది. ఇఫుగావ్‌లో ఆ వాలు లేని నేల ఎక్కడుంది? తాతలు పెంచిన ముయోంగ్‌లో చెట్టు కొట్టుకోవడానికి కాగితం కావలసి వచ్చింది. 1997లో వచ్చిన ఆదివాసుల హక్కుల చట్టం పూర్వీకుల భూములను గుర్తించాక పరిస్థితి మెరుగుపడింది.

1995లో యునెస్కో ఇక్కడి ఐదు మళ్ళ సముదాయాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2001లో వాటిని ప్రమాదంలో ఉన్నవిగా ప్రకటించింది. అప్పటికి నాలుగో వంతుకు పైగా మళ్ళు బీడుపడ్డాయి. 2012లో ఆ జాబితా నుంచి తీసేశారు. మధ్యలో జరిగిన పనుల్లో చిన్నదైనా మంచిది ఒకటుంది. కియాంగన్‌లోని అంబంగల్ వాగు మీద 2010లో మొదలైన 200 కిలోవాట్ల జలవిద్యుత్ కేంద్రం. కరెంటు అమ్మగా వచ్చిన డబ్బు మళ్ళ మరమ్మతు నిధికి వెళ్తుంది. పైనున్న అడవి నీరే గోడ కట్టే కూలికి దారి చూపడం ఇక్కడి పద్ధతికి సరిగ్గా సరిపోయే ఆలోచన.

చూడటానికి వెళ్ళేవారు తెలుసుకోవలసిన సంగతి, బనావె రోడ్డు పక్క వ్యూపాయింట్ల నుంచి కనిపించే మళ్ళు ఆ ఐదింటిలో లేవు. జాబితాలో ఉన్నవి బటాడ్, బంగాన్, మయోయావ్, హుంగ్‌డువాన్, కియాంగన్‌లోని నగకాదన్. బటాడ్ గుండ్రటి రంగస్థలంలా ఉంటుంది, అడుగున ఊరు. హుంగ్‌డువాన్ సాలెగూడులా పరుచుకుంటుంది. నగకాదన్‌ను ఒక ఏరు రెండుగా చీలుస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో వెళ్తే నీటి అద్దాలు, ఏప్రిల్, మేలలో పచ్చదనం, జూన్ చివరికి పసుపు. ఆగస్టు తర్వాత తుఫానులు, కొండచరియలు పడి దారులు మూసుకుపోతాయి. మళ్ళలో నడిచేది గోడ అంచు మీదే. ఎదురొచ్చే రైతుకు మనమే పక్కకు తప్పుకోవాలి, అంచు రాళ్ళను కాలితో కదిలించకూడదు.

ఇక నీరు. మళ్ళు దిగిన ఊటలన్నీ ఇబులావ్, అలిమిట్ లాంటి ఏర్లై మగట్ నదిలో కలుస్తాయి. ఇఫుగావ్, ఇసబెలా సరిహద్దులో, అల్ఫోన్సో లిస్టాకూ రమోన్‌కూ మధ్య మగట్ డ్యామ్ 1982లో పూర్తయింది. ఎత్తు 114 మీటర్లు, మొదటి విద్యుత్ సామర్థ్యం 360 మెగావాట్లు. కగయాన్ లోయలో 80 వేల హెక్టార్లకు పైగా వరికి నీరు ఇక్కడి నుంచే. డ్యామ్ పన్ను ఆదాయంలో వాటా కోసం రెండు ప్రావిన్సుల మధ్య ఏళ్ళ తరబడి వివాదం నడిచింది. ఇఫుగావ్ వాదన చాలా సూటిది: అడవిని, మళ్ళను కాపాడేది మేం, నీళ్ళు వాడుకునేది వాళ్ళు. పైన ముయోంగ్ నరికినా, గోడ కూలినా కొట్టుకొచ్చే మట్టి చివరికి చేరేది ఆ జలాశయంలోకే. పూడిక పెరిగిన కొద్దీ దాని నిల్వ తరుగుతుంది. బటాడ్‌లో ఒక కుటుంబం పాడుబెట్టిన మడికీ, ఇసబెలాలో రబీ నీరందని చివరి పొలానికీ మధ్య ఉన్న దూరం ఆ ఒక్క నదీ పొడవే.